కడుపెరిగిన చెయ్యి

డాలస్‌లో మా మేనల్లుడి ఇంట్లో, పుస్తకాల అలమర మూడో అరలో ఒక నిలువు డబ్బా ఉంది. పావుకిలో ఊరగాయ పట్టేంత. అటు నుంచి చూస్తే ఇటు కనబడే ప్లాస్టిక్. దాని పక్కన ఒక అట్టముక్క అతికించి ఉంది. అట్ట మీద తేదీలు, తేదీకి ఎదురుగా తెలుగులో ఒక్కో మాట. తిన్నది. తిన్నది. వద్దంది. వద్దంది. కుబుసం. ఆగాను. ఆగాను. తిన్నది.

ఐదు నెలల కాపురం సగం పోస్టుకార్డులో ఇమిడిపోయింది. ఆ ఇంట్లో నేనున్నది మూడు వారాలు. అందులో మొదటి వారం ఆ అట్టను చదవడం నేర్చుకోవడానికే సరిపోయింది. చదవడం వచ్చాక మాత్రం, ఇంత పొదుపుగా ఇంత పనితనం రాసిపెట్టిన కాగితాన్ని ఈమధ్య చూడలేదనిపించింది.

డబ్బాలో ఉన్నది సాలీడు పిల్ల. మామూలుగా మన గోడమూలల్లో గూడు కట్టేది కాదు, టరాంటులా. ఇప్పటికి దాని కాళ్ళన్నీ చాపితే అగ్గిపెట్టె అడ్డం వెడల్పుంటుంది. ఎదిగితే చాపిన అరచెయ్యంత అవుతుంది. మావాడు దాన్ని ఎంచుకోవడానికి ఒక కారణముంది. ప్రపంచంలో దీన్ని పెంచుకునేవాళ్ళు చాలామంది పిలిచేది మా ఊరి పేరుతో. గుత్తి.

గుత్తి అంటే మాకు తెలిసింది కొండమీద కోట, కొండ కింద రైల్వే జంక్షన్. ఈ పురుగు సంగతి ఊళ్ళో ఒక్కరి నోటా నేను వినలేదు. 1899లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే పోకాక్ అనే జంతుశాస్త్రవేత్త దీన్ని వర్ణించి, పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆయన చేతికి వచ్చిన సాలీడు దొరికింది గుత్తి రైల్వే కలప డిపోలో. ఆ తర్వాత 102 ఏళ్ళు శాస్త్రవేత్తల కంటికి అది మళ్ళీ కనబడలేదు. 2001లో కనబడింది, కాని గుత్తిలో కాదు. అక్కడికి దాదాపు వంద కిలోమీటర్ల అవతల, నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య, నరికివేతలతో చితికిపోయిన అడవిలో. అంటే ఆనాడు నల్లమల దుంగల్లో దాక్కుని, టిక్కెట్టు లేకుండా రైలెక్కి మా ఊళ్ళో దిగిందన్నమాట. పుట్టిన అడవి పేరు పోయి, దిగిన స్టేషను పేరు మిగిలింది. 2008లో దీన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జీవుల పట్టీలో చేర్చారు. ఆనాటి అంచనా ప్రకారం అది బతుకుతున్న చోటు మొత్తం వంద చదరపు కిలోమీటర్ల లోపే. 2019 నుంచి ఈ జాతి సాలీళ్ళన్నిటినీ దేశాలు దాటించి అమ్మడం మీద అంతర్జాతీయ ఒప్పందం కట్టడి ఉంది. అమెరికాలో ఇప్పుడు అమ్ముడయ్యేవి చాలామటుకు అక్కడి డబ్బాల్లోనే పుట్టిన తరాలు. ఊళ్ళో మిగిలినవాళ్ళకన్నా ఊరొదిలినవాళ్ళు ఎక్కువైన కుటుంబాలు మా సీమలో చాలానే ఉన్నాయి. ఇదీ ఒకటి.

నేను వెళ్ళేసరికి మా అక్క అక్కడే ఉంది. మనవరాలికి ఎనిమిదో నెల. ఉగ్గు పెట్టడం, నీళ్ళు పొయ్యడం, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టడం ఆమె పని. సాలీడు సంగతి ఆమెకు నచ్చదు. కాని ఇంట్లో ఉన్న ప్రాణి ఏదైనా పస్తుంటే అంతకన్నా నచ్చదు.

“తొమ్మిది దినాలాయెరా దానికి తిండి పెట్టి. పురుగైతే మాత్రం పసిది కాదా?” అంది నేను వెళ్ళిన రెండో రోజు.

“పొట్ట చూడు మా,” అన్నాడు వాడు. అంతే అన్నాడు.

ఆ మాటలో ఉన్న విద్య గురించే ఈ వ్యాసం.

సాలీడు పిల్లకు ఎన్ని రోజులకొకసారి తిండి పెట్టాలి? కొత్తగా పెంచేవాళ్ళందరూ మొదట అడిగేది ఇదే. జవాబు కూడా అంకెల్లో సిద్ధంగా ఉంటుంది. చిన్న పిల్లకు వారానికి రెండు సార్లు. కాళ్ళు చాపితే రెండంగుళాలు దాటాక వారానికొకటి. సగం ఎదిగాక వారం పది రోజులకొకటి. పెద్దదయ్యాక పది నుంచి పద్నాలుగు రోజులకొకటి. ఈ లెక్కలు తప్పు కావు. మావాడూ వాటితోనే మొదలుపెట్టాడు. కాని అరిసెల పాకానికి గడియారం ఎంత పనికొస్తుందో, ఈ పనికి క్యాలెండరు అంత పనికొస్తుంది. పాకం వచ్చిందో లేదో తెలియాలంటే నీళ్ళలో ఒక చుక్క వేసి వేళ్ళతో ఉండ కట్టి చూడాలి. బెల్లాన్ని బట్టి, మంటను బట్టి, గిన్నె మందాన్ని బట్టి ఆ క్షణం ముందుకో వెనక్కో జరుగుతుంది. సాలీడు ఆకలీ అంతే. గది వేడిని బట్టి, పెట్టిన పురుగు పరిమాణాన్ని బట్టి, కుబుసానికి ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి జరుగుతుంది.

ఇక్కడ ఆ జంతువు కట్టుబడిని కాస్త చూడాలి. మావాడి చేతిపని అర్థం కావాలంటే, ముందు ఆ చేతికి అందిన వస్తువు ఎలాంటిదో తెలియాలి.

సాలీడు శరీరం రెండు ముక్కలు. ముందు ముక్క తలా ఛాతీ కలిసిపోయింది. దాని మీద గట్టి పెంకు, మూత పెట్టినట్టు. వెనక ముక్క పొట్ట, మెత్తని తోలుసంచి. ఈ రెండింటి మధ్య సన్నని నడుము. పెంకు పెరగదు. ఒక కుబుసం విడిచిననాడు ఎంత వెడల్పుందో, మళ్ళీ కుబుసం విడిచేదాకా అంతే ఉంటుంది. సంచి మాత్రం తిన్నకొద్దీ సాగుతుంది, పస్తున్నకొద్దీ ముడుచుకుంటుంది. అంటే ప్రకృతి ఒకే శరీరం మీద మారని కొలబద్దనూ, మారే సరుకునూ పక్కపక్కనే పెట్టింది. పొట్ట వెడల్పు పెంకు వెడల్పు కన్నా తక్కువుంటే ఆకలి మీదుంది. రెండూ సమానమైతే మామూలుగా ఉంది. పొట్ట ఒకటిన్నర రెట్లకు వచ్చిందంటే చాలు. అంతకు మించితే చెయ్యి ఆపాలి. తూకం అక్కర్లేదు, స్కేలు అక్కర్లేదు. పై నుంచి ఒక చూపు చాలు.

ఆ చూపు ఊరికే రాలేదు. మావాడి ఫోన్లో ఐదు నెలల ఫొటోలున్నాయి, అన్నీ ఒకే ఎత్తు నుంచి తీసినవి. డబ్బా అడుగున ఒక కాగితం మీద గళ్ళు గీసి పెట్టాడు. మొదటి ఫొటోలో పొట్ట మినపగింజంత. ఇప్పుడు శనగగింజంత. “మామా, ఇది నానని శనగ. ఇది నానిన శనగ,” అని రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించాడు. అంతకన్నా బాగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదనుకుంటాను. మొదటిది తిండికి ముందు, రెండోది రెండు పూటల తిండి తర్వాత. మధ్యలో గడిచింది ఐదు రోజులే.

పెద్దది పద్నాలుగు రోజులు ఆగగలిగితే పిల్ల ఎందుకు ఆగలేదు? సాలీడు కడుపులో పేగు చెట్టులాగా కొమ్మలు వేసి ఉంటుంది. ఆ కొమ్మల్లోనే తిన్నదాని సారాన్ని దాచుకుంటుంది. కదలకుండా కూర్చున్నప్పుడు దానికయ్యే ఖర్చు చాలా తక్కువ. అందుకే ఎదిగిన టరాంటులా నెలల తరబడి పస్తుండి కూడా చెక్కుచెదరకుండా ఉంటుంది. పిల్లకు గాదె చిన్నది, ఖర్చు పెద్దది. నెలకో నెలన్నరకో ఒకసారి ఒంటిని మొత్తం కొత్తగా కట్టుకోవాలి. పైగా చిన్న ఒంట్లోంచి నీళ్ళు తొందరగా ఆరిపోతాయి. ఇంత పని పెట్టుకున్నదానికి వారం మధ్యలో ఒక పూట ఎక్కువ పడుతుంది. లెక్క వెనకున్న కారణం ఇది. కారణం తెలిసినవాడికి లెక్కను ఎప్పుడు సడలించాలో కూడా తెలుస్తుంది.

ఇక పెట్టే పద్ధతి. మావాడు సాయంత్రం ఇంటికొచ్చి, స్నానం చేసి, గదిలో పెద్ద దీపం ఆర్పేశాకే ఆ డబ్బా దగ్గరికి పోతాడు. అది చీకటి జీవి. పగలు బెరడు గొట్టంలో ముడుచుకుని ఉంటుంది. నల్లమలలో చెట్టు తొర్రలో ఉండేది ఇక్కడ కార్కు బెరడు గొట్టంలో ఉంటోంది. గొట్టం నోటి చుట్టూ పట్టుదారం పరిచి పెడుతుంది. ఆ దారం తోరణం కాదు, తీగ. దాని మీద ఏ అడుగు పడ్డా లోపల కాళ్ళకు తెలుస్తుంది.

మొదటి నెలల్లో బతికున్న పురుగును పెట్టనేలేదు. సంతలో దొరికే కీచురాళ్ళలో ఒకదాన్ని చంపి, దాని వెనక తొడను విరిచి, పట్టకారుతో గొట్టం నోటి దగ్గర ఆనించి వచ్చేవాడు. అడవిలో కూడా సాలీడు పిల్లలు చచ్చిన పురుగుల మీద వాలతాయి, అందులో చిన్నతనం లేదు. పెసరగింజంత ప్రాణి ముందు తన్నుకులాడే పురుగును వదిలితే ఎవరు ఎవరిని తింటారో చెప్పలేం. కొంచెం ఎదిగాక అరటిపండు మీద ముసిరే చిన్న ఈగల్లో ఎగరలేని రకం, ఆవగింజంత కీచురాళ్ళ పిల్లలు. ఇప్పుడు కీచురాయిని బతికుండగానే వదులుతున్నాడు. ఒక్కటే నియమం. పురుగు ఒళ్ళు సాలీడు పొట్టను మించకూడదు. ఇంకొంచెం చిన్నదైతే ఇంకా మేలు.

బయట తోటలో దొరికిన పురుగును ఎంత లావుగా ఉన్నా పెట్టడు. దాని మీద ఎవరు ఏ మందు చల్లారో తెలియదు. సంతలో కొన్న కీచురాళ్ళకు కూడా ముందు రెండు రోజులు క్యారెట్టూ ఓట్సూ పెట్టి మేపుతాడు. “అది తినేది పురుగును కాదు మామా, పురుగు కడుపులో ఉన్నదాన్ని,” అన్నాడు. ఒక కడుపు కోసం ఇంకో కడుపు నింపడం చూసి మా అక్క మెత్తబడింది.

పెట్టేముందు ఒక పరీక్ష ఉంది. నాకు బాగా నచ్చింది అదే. సన్నని పెయింటు కుంచె కొసతో గొట్టం బయట బెరడును ఒక్కసారి గీకుతాడు, అంతే. ఆకలి మీదుంటే లోపల నుంచి ముందు కాళ్ళు రెండూ నోటి అంచు దాకా వస్తాయి. లేదంటే ఒక అడుగు వెనక్కి పోతుంది. వెనక్కి పోయిందంటే ఆ పూటకు డబ్బా మూత పడినట్టే. అట్ట మీద “వద్దంది” అని రాస్తాడు. “తినలేదు” అని రాయడు. ఆ రెండు మాటల మధ్య తేడా మావాడికి బాగా తెలుసు. తినకపోవడం లోపం. వద్దనడం కబురు.

ముందు కాళ్ళు వస్తే పురుగును వదిలి చెయ్యి వెనక్కి తీస్తాడు. ఆ తర్వాత జరిగేది కన్ను పట్టుకోలేనంత వేగంగా జరుగుతుంది. ఈ జాతికి అమెరికా టరాంటులాల మాదిరి ఒంటి మీద దురద వెంట్రుకలు రాల్చే ఆయుధం లేదు. ఉన్నవి వేగం, విషం. మనిషి ప్రాణం తీసిన దాఖలా లేదు గాని, పెద్దది కరిస్తే కండరాలు పట్టేసి రోజుల తరబడి విలవిల్లాడిస్తుంది. అందుకే అడుగు పొడవున్న పట్టకారు. ఇంత పిల్లప్పటి నుంచే ఆ దూరం అలవాటు చేసుకున్నాడు. పెద్దయ్యాక నేర్చుకుందామంటే చెయ్యి వినదని వాడి ఉద్దేశం.

సాలీడు నమలి మింగదు. వేటాడినదాని మీద జీర్ణరసం పోసి, దాన్ని కోరలతో పిసికి, చారులాగా పీల్చుకుంటుంది. చివరికి పీచు ఉండ మిగులుతుంది. మర్నాడు పొద్దున మావాడి మొదటి పని ఆ ఉండ వెతకడం. ఉండ దొరికితే తిన్నట్టు రుజువు. దాన్ని పట్టకారుతో తీసేసి, అప్పుడు అట్ట మీద “తిన్నది” అని రాస్తాడు. కీచురాయి మాయమైనంత మాత్రాన రాయడు. అది మట్టిలో దూరి ఉండొచ్చు. దొరక్కపోతే టార్చి పెట్టి వెతుకుతాడు. తినకుండా వదిలేసిన పురుగు రాత్రి దాటి డబ్బాలో ఉండకూడదు. చచ్చినదైతే బూజు పడుతుంది. బతికున్నదైతే అంతకన్నా ప్రమాదం.

ఆ ప్రమాదం సంగతి వాడు మూడో రోజు రాత్రి చెప్పాడు. ఇది వాడి మొదటి పిల్ల కాదు. ఏడాది క్రితం ఇంకొకటి ఉండేది. లెక్క ప్రకారం మంగళవారం తిండి పెట్టాల్సిన రోజు. అంతకు ముందు రెండు సార్లు ముట్టలేదని, బెంగపడి, కాస్త పెద్ద కీచురాయిని వదిలి పడుకున్నాడు. పొద్దున చూస్తే పిల్ల వెల్లకిలా పడి ఉంది. అది కుబుసం విడుస్తున్న భంగిమ. ఆ సమయంలో సాలీడు ఒళ్ళు వెన్నలా ఉంటుంది. కాలు కదపలేదు, కోర ఎత్తలేదు. ఆకలేసిన కీచురాయి దాని పొట్ట కొరికింది.

“నేనే పెట్టినా మామా దాన్ని. తిండి అనుకుని పెట్టినా,” అన్నాడు. ఆ తర్వాతే ఈ అట్టముక్క, ఈ కుంచె, ఈ టార్చి. మంచి పనివాళ్ళ దగ్గర ప్రతి జాగ్రత్త వెనకా ఒక నష్టం ఉంటుంది. పనితనం చూసేటప్పుడు మనకు జాగ్రత్తే కనిపిస్తుంది.

ఇప్పుడు మా అక్క లెక్కపెట్టిన తొమ్మిది రోజులకు వద్దాం. వాడు నాకు టార్చి ఇచ్చి చూడమన్నాడు. పొట్ట నిండుగా ఉంది, పెంకుకు ఒకటిన్నర రెట్లు. రంగు మాత్రం మారింది. వారం క్రితం ఫొటోలో చారలు తేటగా ఉన్నాయి. ఇప్పుడు పొట్ట నల్లబడి, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. గొట్టం నోటికి పట్టు మందంగా అల్లి, తలుపు వేసినట్టు మూసుకుంది. ఇవన్నీ ఒకే మాట చెబుతున్నాయి. పాత తోలు కింద కొత్త తోలు తయారవుతోంది. ఇలాంటప్పుడు వద్దనడం ఆకలి లేక కాదు, పని ఉండి. ఇంట్లో శుభకార్యం పెట్టుకున్నవాళ్ళు తలుపు దగ్గరికేసి ఉంటే అమ్ముకునేవాడు తట్టకుండా పోవడం మర్యాద.

ఆ రోజుల్లో వాడు చేసిందల్లా నీళ్ళు చూసుకోవడం. సీసా మూతంత గిన్నెలో నీళ్ళు, బెరడు పక్కన నాచుకు ఒక మూల తడి. తిండి కన్నా నీళ్ళు ముఖ్యమని ఈ జంతువు కాళ్ళే చెబుతాయి. సాలీడు కాళ్ళల్లో ముడవడానికి కండరాలున్నాయి గాని, ముఖ్యమైన కీళ్ళ దగ్గర చాపడానికి లేవు. ఒంట్లో ద్రవం ఒత్తిడితో చాపుతుంది, జేసీబీ చెయ్యి నూనె ఒత్తిడితో లేచినట్టు. ఒంట్లో నీరు తగ్గితే ఒత్తిడి తగ్గి, కాళ్ళు ఒంటి కిందికి ముడుచుకుపోతాయి. కొత్తవాళ్ళు దాన్ని చూసి ఆకలనుకుని పురుగు వదులుతారు. అడిగింది దాహం, పెట్టింది ముద్ద. ముడతలు పడిన పొట్టను చూసినప్పుడు మావాడు ముందు చూసేది నీళ్ళ గిన్నెను.

ఇంకో దారి ఉంది, దాని గురించి పెంపకందార్ల మధ్య వాదన తెగదు. గది వేడి పెంచి, వద్దనేదాకా రోజూ పెట్టడం. అలా చేస్తే ఎదుగుదల నిజంగానే వేగమవుతుంది. కుబుసాలు దగ్గరదగ్గరగా వస్తాయి. అమ్మేవాళ్ళకు అది లాభం. చలి నెత్తురు ప్రాణి కనుక వేడిమి దాని ఒంటి గడియారాన్ని ముందుకు తిప్పుతుంది. కాని ఆ గడియారం ఆయుష్షుది కూడా. ఈ జాతిలో ఆడది పదేళ్ళు దాటి బతుకుతుంది, మగది మూడు నాలుగేళ్ళు. మగపిల్లను తొందరపెట్టి పెంచితే ఉన్న నాలుగేళ్ళలోంచే కోసుకున్నట్టు. పైగా పొట్ట మరీ బరువెక్కిన సాలీడు గోడ మీద నుంచి జారిపడితే ఆ సంచి పగులుతుంది. పగిలితే అతుకు లేదు. నల్లమలలో దానికి ప్రతి మంగళవారం కీచురాయి దొరకదు. వానలప్పుడు కలిమి, ఎండాకాలం లేమి. ఆ లేమికి సరిపడా కట్టిన ఒంటిలో కలిమిని మాత్రమే కుక్కడం పెంపకం అనిపించుకోదని మావాడి మతం. నాకూ అదే సబబనిపించింది.

వాడు గదిని ఇరవై ఐదు డిగ్రీల దగ్గర ఉంచుతాడు. చలికాలం రెండు మూడు డిగ్రీలు తగ్గితే తిండి మధ్య ఎడం రెండు రోజులు పెంచుతాడు. అట్ట మీద జనవరి తేదీల మధ్య ఎడం, ఏప్రిల్ తేదీల మధ్య ఎడం చూస్తేనే డాలస్ వాతావరణం తెలిసిపోతుంది.

పరిచయం రాసేవాడు మెచ్చుకోలుతో ఆగిపోతే అది పెళ్ళిపత్రికవుతుంది. వాడి పనిలో నాకు ఒక లోపం కనబడింది. ఫొటోల మోజు. పొట్ట కొలవడానికని మొదలైన అలవాటు, ఇప్పుడు చూడటానికని సాగుతోంది. మూత తీసిన ప్రతిసారీ, వెలుతురు పడిన ప్రతిసారీ లోపలిది ఉలిక్కిపడి గొట్టం అడుగుకు పోతుంది. నేను వెళ్ళకముందు రెండు సాయంత్రాలు అలా దాన్ని బెదరగొట్టి, తర్వాత కుంచె గీకితే అది వెనక్కి పోయిందట. వాడు “వద్దంది” అని రాశాడు. నిజానికి అది ఆకలి కబురు కాదు, భయం కబురు. చెప్పాను. ఒప్పుకున్నాడు. ఒక ఫొటో తగ్గించాడు.

కుబుసం నేను వెళ్ళిన పదిహేనో రోజు రాత్రి జరిగింది. పట్టుపరుపు మీద వెల్లకిలా పడుకుంది. పెంకు మూతలా లేచింది. ఆ తెరుచుకున్న చోటులోంచి ఎనిమిది కాళ్ళనూ కొంచెం కొంచెంగా, చేతితొడుగులోంచి వేళ్ళు లాగినట్టు లాగింది. కొన్ని గంటలు పట్టింది. మావాడు గదిలో దీపం వెయ్యనివ్వలేదు. పొద్దున ఉన్నది పారేసిన చొక్కా, పక్కన తడి ఆరని కొత్త ప్రాణి. ఆ చొక్కాలో కోరల తొడుగు కూడా ఉంది. పీల్చే కడుపు లోపలి పొర కూడా ఉంది. బయటే కాదు, లోపలి గోడ కూడా మార్చుకుంది. వాడు దాన్ని నీళ్ళలో నానబెట్టి, విప్పి, భూతద్దం కింద పెట్టి ఆడో మగో తేల్చడానికి చూశాడు. ఇంకా చిన్నది, తేలలేదు.

కొత్త ఒంటి కాళ్ళ మీద సన్నగా నీలం మెరిసింది. పుట్టినప్పుడు ఈ పిల్లలకు ఆ నీలం ఉండదు, బూడిద ఊదా కలిసిన మసకరంగు. కుబుసం కుబుసానికీ నీలం పైకి వస్తుంది. అది రంగుపూత కాదు. వెంట్రుకల లోపలి అతిసూక్ష్మమైన పొరల అమరిక వెలుతురులో నీలాన్ని ఏరి వెనక్కి పంపుతుంది. టరాంటులాల్లో ఈ నీలం కనీసం ఎనిమిది సార్లు వేరువేరుగా పుట్టిందని 2015లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఆ పొరలు కట్టడానికి సరుకెక్కడిది? మినపగింజంత పొట్టలోకి మంగళవారం వెళ్ళిన కీచురాయి తొడ. పెట్టి ఊరుకున్న ముద్దలే కాదు, పెట్టకుండా ఊరుకున్న పూటలు కూడా ఆ నీలంలో ఉన్నాయి.

కుబుసం విడిచిన సాలీడు బాగా ఆకలి మీదుంటుంది. పొట్ట చిక్కి ఉంటుంది. కొత్త పెంకు పెద్దది, సంచి ఖాళీ. కొలబద్ద ప్రకారం వెంటనే పెట్టాలి. ఇక్కడే ఇంకో కొలత అడ్డం వస్తుంది. కోరలు. కొత్త కోరలు మొదట పాలపళ్ళలా తెల్లగా ఉంటాయి. తర్వాత ఎర్రబడతాయి. ఆ తర్వాత నల్లబడతాయి. నల్లబడ్డాకే అవి గట్టిపడ్డట్టు. ఈ వయసు పిల్లకు నాలుగైదు రోజులు, పెద్దదానికి వారం నుంచి రెండు వారాలు. ముందే పెడితే మెత్తని కోర వంగిపోవచ్చు. కడుపు రమ్మంటుంది, కోర ఆగమంటుంది. అట్ట మీద “ఆగాను” అన్న మాటకు అర్థం ఇది.

అదే రోజుల్లో వంటింట్లో మా అక్క మనవరాలికి ఉగ్గు పెడుతోంది. నాలుగో చెంచా దగ్గర పాప మొహం పక్కకు తిప్పింది. అక్క గిన్నె కింద పెట్టి మూతి తుడిచింది. కోడలు, “ఇంకో రెండు చెంచాలే మిగిలింది అత్తమ్మా, పెట్టెయ్యండి,” అంది.

“గిన్నె ఖాళీ చెయ్యడానికి పెడతామా అమ్మా? మొహం తిప్పింది గదా. అయింది దాని పని.”

తల్లి కడుపు చూస్తుంది అంటారు. సామెత రెండో సగం ఇక్కడ మనకక్కర్లేదు. మావాడు ఆ చూపును ఏ పుస్తకంలో నేర్చుకున్నాడని నేను పదిహేను రోజులుగా వెతుకుతున్నాను. అది వంటింట్లో ఉంది. వాడు దాన్ని భూతద్దం కిందికి తెచ్చుకున్నాడు, అంతే.

నేను బయల్దేరే ముందురోజు, కుబుసం విడిచిన నాలుగో సాయంత్రం, వాడికి ఆఫీసులో ఆలస్యమైంది. అలమర దగ్గర టార్చి వెలుగు కనబడితే వెళ్ళి చూశాను. అక్క మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. సాలీడు ప్లాస్టిక్ గోడకు పొట్ట ఆనించి, ముందు కాళ్ళు చాపి, వేటకు సిద్ధంగా ఉంది. ఆకలి మీదుందని చిన్నపిల్లకు కూడా తెలుస్తుంది. కీచురాళ్ళ డబ్బా పక్కనే ఉంది. పట్టకారు పక్కనే ఉంది.

“పెడతావా అక్కా?” అన్నాను.

“ఎట్ల పెడతార్రా? కోరలింకా ఎర్రగుండాయి,” అంది టార్చి ఆర్పేస్తూ.

రాత్రి మావాడు వచ్చి అట్ట చూశాడు. ఆనాటి తేదీకి ఎదురుగా, వాడిది కాని గుండ్రటి అక్షరాలతో, ఒక్క మాట ఉంది.

ఆగినాము.